కత్తెర కర్రలు

ధాం!

తుపాకీ మోత ఎర్రమెట్ట మీద నుంచి దొర్లుకుంటూ కిందికొచ్చింది.

అరుణశ్రీ అప్పటికే పరుగెడుతోంది.

ఇంకా తెల్లారలేదు. పొగమంచు... నాలుగు చెట్ల అవతల ఏమీ కనపడనంత పొగమంచు. జీడితోట నిండా హుదూద్ తుపానుకి కూలిన చెట్లు. ఏడాది దాటినా ఎవరూ తీయలేదు. ఒకదాని మీంచి దూకింది. రెండోదాని కొమ్మ మోకాలికి ఫట్‌మని తగిలింది. అమ్మా అనడానికి కూడా టైం లేదు.

ముందు ఎవడో పారిపోతున్నాడు!

పొడవాటి మనిషి. భుజాన రైఫిల్. చేతిలో ఏవో కర్రలు.

"ఆగరా!"

ఆగలేదు.

"ఒరే, ఫారెస్టోళ్లం! ఆగకపోతే కాల్సేస్తాను!"

అబద్ధం. ఆమె దగ్గరున్నది ఒక టార్చిలైటు, ఒక లాఠీ. బీట్ ఆఫీసర్‌కి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆయుధాలు అంతే.

కాలికి మెత్తగా ఏదో తగిలింది. టార్చి వేసింది.

దుప్పి. ఆడది. వెనక కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. భుజం వెనక ఒకే ఒక్క రంధ్రం.

నాటు తుపాకీ అయితే ఒళ్లంతా తూట్లు పడేవి. ఇది అది కాదు. ఇది రైఫిల్! తీరిగ్గా, గురి చూసి, ఒకే దెబ్బకి పడగొట్టాడు.



ఈ మోత కోసమే వర్షాకాలం నుంచీ ఆమె ఈ మెట్ట చుట్టూ తిరుగుతోంది. డ్యూటీ ఉన్నా... లేకపోయినా.

మళ్లీ పరుగు!

ముందున్నవాడు ఎడమ పక్కకి తిరిగాడు. తప్పు చేశాడు. అటు గెడ్డ ఉంది. ఎండిపోయిన గెడ్డ, నిలువెత్తు లోతు. ఈ మంచులో అంచు కనపడదు.

కేక!

రాళ్లు దొర్లిన చప్పుడు. ఇంకో కేక.

ఆ తర్వాత మూలుగు.

అరుణశ్రీ అంచున నిలబడి, రొప్పుతూ, ముందు ఫోన్ తీసింది. ఇక్కడ సిగ్నల్ ఒక గీత వస్తుంది. రేంజర్ జగన్నాధం గారి నంబరు నొక్కింది.

"సార్! ఎర్రమెట్ట మీద ఒకణ్ని పట్టుకున్నాను సార్! రైఫిల్ ఉన్నాది ఆడి దగ్గర!"

అవతల రేంజర్ గొంతు తగ్గించాడు.

"శభాష్ అరుణా. గెడ్డ దగ్గరేనా? అక్కడే ఉండు. కదలకు. నేను వస్తున్నా."

ఫోన్ జేబులో పెట్టి కిందికి జారింది.

టార్చి వెలుగు ఆ మనిషి మొహం మీద పడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మాస్టారూ... మీరా?"

గురుప్రసాద్! విజయనగరంలో పిల్లలకి రైఫిల్ షూటింగ్ నేర్పే కోచ్. వీణ నేర్పే చంద్రశేఖరం గారి అబ్బాయి. కిందటేడు ఫారెస్టు స్టాఫ్‌కి తుపాకీ పట్టుకోవడం నేర్పించడానికి వచ్చింది ఈయనే. 'అమ్మా', 'బాబూ' అంటూ ఎంత మెత్తగా చెప్పేవాడో!

ఇప్పుడు ఇసకలో, రాళ్ల మధ్య, కుడి చీలమండ పక్కకి తిరిగిపోయి పడున్నాడు.

"నీళ్లు..." అన్నాడు.

ఆమె నీళ్లు ఇవ్వలేదు. రైఫిల్ లాక్కుంది. పక్కన పడ్డ కర్రలు అందుకుంది.

రెండు వెదురు కర్రలు. గుండెల ఎత్తు ఉంటాయి. చివర్లు చెక్కి వాడి చేశారు. పైభాగంలో సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. లాగితే కత్తెరలా తెరుచుకున్నాయి. నేలలో గుచ్చి, పైన సందులో రైఫిల్ ఆనిస్తే...



రెండు కర్రలు... రెండు గుంటలు!

అప్పలసూరి ఆమె భర్త. ఇద్దరిదీ సముద్రపొడ్డు, చేపలు పట్టుకు బతికే ఇళ్లు. ఆమెకు కొండ మీద ఉద్యోగం వస్తే పడవ వదిలేసి వెనకే వచ్చేశాడు. ఇక్కడ వాచర్‌గా చేరాడు. "నీ అడవిని నాను కాస్తాను, నా కూర నువ్వు వండు," అని నవ్వేవాడు. కూర ఎప్పుడూ అతనే వండేవాడు.

వానలు మొదలైన రోజుల్లో ఓ పొద్దున్న ఈ మెట్ట మీద బండరాయి పక్కన బోర్లా పడున్నాడు. గుండె దగ్గర ఒక్క రంధ్రం. గుండు ఒంట్లోంచి దూసుకుపోయింది, దొరకలేదన్నారు.

సాయంత్రానికి కింద ఊరి నాగబాబు నాటు తుపాకీ పట్టుకుని స్టేషన్‌కి వచ్చి లొంగిపోయాడు. "సీకట్లో దుప్పి అనుకున్నాను బాబూ," అన్నాడు. పొరపాటన్నారు. బెయిలు వచ్చింది. నాగబాబు ఇప్పుడు క్వారీలో సూపర్‌వైజర్.

అంత్యక్రియలైన మర్నాడు ఆమె ఒక్కత్తే మెట్టెక్కింది. బండరాయికి ఎదుటి వాలులో, తడి ఎర్రమట్టిలో రెండు గుంటలు కనపడ్డాయి. పక్కపక్కనే. మధ్యలో జానెడు ఎడం. వేలు పెడితే వేలంతా దిగింది. రేంజర్‌ని తీసుకొచ్చి చూపించింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఎలుక బొరియలమ్మా ఇవి. ఇంటికెళ్లి పడుకో," అన్నాడు.

ఆ రాత్రి వాన పడింది. గుంటలు పోయాయి.

కానీ ఆమె కంట్లోంచి పోలేదు.

లాఠీ కొసని గురుప్రసాద్ విరిగిన కాలి మీద పెట్టింది.

"మా ఆయన్ని ఎవడు సంపినాడు?"

"నాకేం తెలుసమ్మా... నాగబాబు..."

నొక్కింది.

అతని అరుపుకి జీడిచెట్ల మీద కాకులు లేచాయి.

"నాటు తుపాకీకి ఈ కర్రలెందుకు? సెప్పు!"

"చెప్తాను! చెప్తాను... నరసింగరావు!"

నరసింగరావు! మెట్ట కింద క్వారీ ఆయనది. గెస్ట్ హౌస్ ఆయనది. ఈ రాత్రి అక్కడ న్యూ ఇయర్ పార్టీ. తెల్లవార్లూ మైకు మోగుతూనే ఉంది.

"ఆయన గెస్టులకి దుప్పి కావాలి," అన్నాడు గురుప్రసాద్, పళ్లు బిగించి. "వాళ్లకి రైఫిల్ పట్టుకోవడం చాతకాదు. తాగిన చేతులు... వణుకుతాయి. అందుకని ఈ కర్రలు కట్టిచ్చాను. ఆనిస్తే ఎవడైనా కొట్టగలడు. ఆ రోజు నరసింగరావే వచ్చాడు. నేను పక్కనున్నాను. మీ ఆయన చూసేశాడు. అంతే... కొట్టేశాడు."

"సూసి... కొట్టినాడా?"

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"దుప్పి అనుకోలేదా?"

"స్కోపులో చొక్కా గుండీలు కనపడతాయమ్మా."

ఆ మాటని అరుణశ్రీ మింగింది. ఇప్పుడు కాదు. ఏడవడానికి ఇది టైం కాదు.

"ఈ మాట రేంజర్ గారి ముందర సెప్పాల. వస్తన్నారు."

గురుప్రసాద్ తలెత్తాడు. మొహంలో రక్తం లేదు.

"ఎవరికి ఫోన్ చేశారు?"

"సెప్పాను కదా. రేంజర్ గారికి."

"ఏమన్నాడు?"

"అక్కడే ఉండు, కదలకు, నాను వస్తన్నాను అన్నారు."

అతను నవ్వాడు. నవ్వో, ఏడుపో... తెలియలేదు.

"మీ ఆయనకీ ఇదే చెప్పాడు."

"ఏటి?"

"మీ ఆయన మమ్మల్ని చూసి అరవలేదమ్మా. చాటుకెళ్లి ఫోన్ చేశాడు. రేంజర్‌కి. రేంజర్ మా జీపులోనే కూర్చునున్నాడు! స్పీకర్ ఆన్ చేశాడు. మేమందరం విన్నాం. 'బండరాయి పక్కన నిలబడు సూరీ. కదలకు. నేను వస్తున్నా...' నిలబడ్డాడు. చెప్పినట్టే నిలబడ్డాడు. కదల్లేదు."

గెడ్డలో గాలి లేనట్టయింది.

తల మీద వేసిన ఆ చెయ్యి! ఎలుక బొరియలన్న ఆ గొంతు! దినం నాడు పక్కన కూర్చుని రెండు ముద్దలు తిన్న ఆ మనిషి!

అప్పుడు వినిపించింది.

జీపు!

కింద నుంచి, వాలు మీద నుంచి... గేరు మార్చిన చప్పుడు.

ఆమె రైఫిల్, కర్రలు పట్టుకుని గెడ్డ అంచుకి పాకింది. తూర్పున కొంచెం తెల్లబడుతోంది. మంచు పైనుంచి విడుతోంది. స్కోపుకి కన్ను ఆనించింది.

ఏదీ నిలవడం లేదు! చెట్టు, ఆకాశం, రాయి... అన్నీ గెంతుతున్నాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ స్కోపులో కొండ ఎగిరి పడుతోంది.

"చేత్తో కాదు!" కింద నుంచి గురుప్రసాద్ గొంతు. అదే కోచ్ గొంతు. "కర్రలు తీసుకో! కర్రలు లేకపోతే గుండె కొట్టుకున్నప్పుడల్లా తుపాకీ కొట్టుకుంటుంది!"

కర్రలు తెరిచింది.

"కూర్చో. మోకాళ్లు ముడుచుకుని కూర్చో. కర్రలు నీకు కొంచెం ముందు గుచ్చు... నీ వైపు వాలాలి. గొట్టం చివర కాదు, చెయ్యి పట్టే చోట ఆనించు. ఎడం చేత్తో కర్రల ముడి, రైఫిలూ కలిపి పట్టుకో. మోచేతులు మోకాళ్ల మీద. ఇప్పుడు ఊపిరి సగం వదిలి... ఆపు."

ఆపింది.

లోకం ఆగిపోయింది.

స్కోపులో ప్రతి ఆకూ విడివిడిగా నిలబడింది. ఆకు మీద మంచు బొట్టు కూడా. జీపు ఆగింది. డిపార్ట్‌మెంట్ జీపు! జగన్నాధం దిగాడు. మఫ్లర్ సర్దుకున్నాడు. ఇటు పక్క తలుపు తెరుచుకుంది. పొట్టిగా, లావుగా, మంకీ క్యాప్‌తో... నరసింగరావు!

చేతిలో రైఫిల్. చంకలో కర్రలు.

"ఇద్దరూ ఉన్నారు," అంది.

"నన్ను చంపడానికి వచ్చారు," అన్నాడు గురుప్రసాద్. "నిన్ను కూడా. నువ్వే ముందు కొట్టు! నరసింగరావుని కొట్టు! మీ ఆయన్ని చంపింది వాడే!"

వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

స్కోపులో నరసింగరావు గుండెలు. స్వెటర్ మీద గళ్లు కూడా కనపడుతున్నాయి. ఒక్క నొక్కు. అంతే.

కర్రలు కుడి పక్కకి కొంచెం ఒరిగాయి.

"కర్రల కాళ్లు ఇంకా ఎడంగా పెట్టు!" గురుప్రసాద్ కింద నుంచి చూస్తూనే ఉన్నాడు. "కూర్చుని కొట్టేటప్పుడు బారెడు ఎడం ఉండాలి! నిలబడితేనే దగ్గరగా పెట్టేది!"

ఆమె కర్రలు జరపబోయి... ఆగింది.

నిలబడితేనే... దగ్గరగా.

ఎర్రమట్టిలో రెండు గుంటలు. మధ్యలో జానెడు.

"మాస్టారూ," అంది, తల తిప్పకుండా. "నరసింగరావు నిలబడి కాలుస్తాడా?"

"వాడా? మోకాళ్ల నొప్పులు, వాడేం నిలబడతాడు? చతికిలబడితే గానీ వాడికి..."

మాట తెగిపోయింది.

అరుణశ్రీ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. రైఫిల్ కూడా ఆమెతో పాటు తిరిగింది.

గెడ్డలో ఆ పొడవాటి మనిషి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"నువ్వు నిలబడి కాలుస్తావు," అంది.

అతను తల దించుకున్నాడు.

"మాట్లాడు!"

"కొట్టమన్నారు..." అన్నాడు. "మీ ఆయన కోర్టుకెక్కితే ఏడేళ్లు జైలన్నారు. మా నాన్నగారి పేరు, మా ఇల్లు, నా దగ్గర నేర్చుకునే పిల్లలు... అంతా పోతుందన్నారు. రైఫిల్ అప్పటికే కర్రల మీద ఉంది. నా చెయ్యి వణికిందమ్మా. నిజంగా వణికింది. రైఫిల్ వణకలేదు."

అరుణశ్రీ కిందికి జారి, గొట్టం అతని ఛాతీ మీద పెట్టింది.

కర్రలు అక్కర్లేదు ఇక. ఇంత దగ్గర్నుంచి గుడ్డివాడు కూడా కొడతాడు.

అతను కళ్లు మూసుకున్నాడు. పెదాలు ఏదో గొణుగుతున్నాయి.

కొట్టెయ్! అంటోంది ఆమె రక్తం. కొట్టెయ్! కూర వండిన ఆ చేతుల కోసం కొట్టెయ్! పడవ వదులుకుని నీ వెనక వచ్చినవాడి కోసం కొట్టెయ్!

పైన జీపు తలుపు ధబ్‌మని మూసుకుంది.

వీడు చస్తే?

వీడు చస్తే నాగబాబు చెప్పిందే నిజం. ఎలుక బొరియలే నిజం. పైనున్న ఆ ఇద్దరూ వీణ్ని చంపడానికే వచ్చారు. వాళ్ల పని తను చేసి పెట్టాలా?

తన మొగుణ్ని చంపినవాణ్ని తనే బతికించుకోవాలి!

అంతకంటే చేదు మాట ఆమె బతుకులో ఇంకోటి లేదు. అయినా మింగింది.

"లెగు," అంది.

"ఏంటి?"

"లెగరా! అవతల రోడ్డు ఉన్నాది. గజపతినగరం సంతకి ఫస్టు బస్సు వస్తాది ఇప్పుడు. నలుగురు ఉంటారు. ఆళ్ల ముందర సెప్పు. నువ్వు సెప్పేసినాక నిన్ను సంపి ఆళ్లకి లాభం లేదు."

అతని కళ్లలో ఆశ మెరిసింది. ఆ ఆశ చూస్తే ఆమెకు అసహ్యం వేసింది.

మళ్లీ అంచుకి పాకింది. కర్రల మీద రైఫిల్ ఆనించింది. ఊపిరి సగం వదిలింది.

నరసింగరావు అప్పటికే చతికిలబడి కూర్చున్నాడు. అతని కర్రలు తెరుచుకున్నాయి. గొట్టం గెడ్డ వైపే తిరుగుతోంది!

గురి మార్చింది. జీపు అద్దం.

ధాం!

అద్దం భళ్లున పగిలింది! ఇద్దరూ బోర్లా పడ్డారు. రేంజర్ కేక ఇక్కడికి వినపడింది.

కర్రలు అక్కడే వదిలేసి గెడ్డలోకి దూకింది. గురుప్రసాద్ చెయ్యి మెడ చుట్టూ వేసుకుంది. లేపింది. బరువు! తడిసిన వల లాంటి బరువు. చిన్నప్పుడు నాన్నతో ఒడ్డున వలలు లాగిన ఒళ్లు ఆమెది. లాగింది.

"అమ్మా... నెమ్మది..."

"నోర్ముయ్!"

గెడ్డలో పడుతూ లేస్తూ... ముళ్లు, రాళ్లు. అతని చెమట ఆమె మెడ మీద కారుతోంది. అతని గుండె చప్పుడు ఆమె వీపుకి తెలుస్తోంది. ఎంత గట్టిగా కొట్టుకుంటోంది! బతకాలని ఎంత ఆరాటం!

మా సూరి గుండె కూడా ఇలాగే కొట్టుకుని ఉంటుంది అనుకుంది. బండరాయి పక్కన... సార్ వస్తారని చూస్తూ.

పళ్లు బిగించింది.

వెనక చప్పుడు లేదు. ఎందుకు లేదు? వెంటపడటం లేదెందుకు?

ఆలోచించే టైం లేదు. హారన్!

మలుపులో రెండు లైట్లు. మంచులో పచ్చగా. ప్రైవేటు బస్సు. టాపు మీద వంకాయ బస్తాలు, మేకపిల్లలు.

అరుణశ్రీ గురుప్రసాద్‌ని కల్వర్టు గోడకి ఆనించి, రోడ్డు మధ్యకి ఉరికింది. రెండు చేతులూ ఎత్తింది. ఒక చేతిలో రైఫిల్!

బ్రేకులు కీచుమన్నాయి.

"ఓలమ్మో! తుపాకీ!" ఎవరో అరిచారు.

"భయపడకండి! ఫారెస్టు ఆఫీసర్ని! ఇనండి! అందరూ ఇనండి!"

కిటికీల్లోంచి తలలు. మఫ్లర్లు, ముసుగులు. ముందు తలుపు దగ్గర చేపల గంప పెట్టుకుని ఒక ముసలామె. కండక్టర్ ఆమె మీద విసుక్కుంటున్నాడు. "తాతమ్మా, గంప లోపలికి లాక్కో, అడ్డం!" ఆ గంప వాసన అరుణశ్రీ ముక్కుకి తగిలింది. ఎండు నెత్తళ్లు. తన ఊరి వాసన. ఒక్క క్షణం ధైర్యం వచ్చింది.

"సెప్పు!" అని గురుప్రసాద్ వైపు తిరిగింది. "గట్టిగా సెప్పు!"

గురుప్రసాద్ గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒక కాలి మీద.

"నా పేరు గురుప్రసాద్," అన్నాడు. గొంతు వణికింది. తర్వాత గట్టిపడింది. "వాచర్ అప్పలసూరిని నేనే కాల్చాను. నాగబాబు కాదు. దుప్పి అనుకుని కాదు. కాల్చమన్నది క్వారీ నరసింగరావు. అప్పలసూరిని కదలకుండా నిలబెట్టింది రేంజర్ జగన్నాధం. ముగ్గురం కలిసి చంపాం."

ఇంజన్ గుడగుడ తప్ప ఏమీ లేదు.

చెప్పేశాడు! ఇక ఎవరు చెరిపినా చెరగదు. అరుణశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. గురుప్రసాద్ ఆమె వైపు చూశాడు. బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

ధాం!

మెట్ట మీద నుంచి!

గురుప్రసాద్ గోడ మీంచి పక్కకి ఒరిగాడు. నెమ్మదిగా... పడుకోబోతున్న మనిషిలా. గుండె దగ్గర ఒక్క రంధ్రం.

బస్సులో కేకలు! పిల్లల ఏడుపు! అందరూ సీట్ల కిందకి దూరారు.

అరుణశ్రీ మెట్ట వైపు చూసింది. మంచు. మంచులో ఎక్కడో కర్రల మీద ఆనించిన ఒక రైఫిల్. వెంటపడలేదెందుకో ఇప్పుడు అర్థమైంది. పైనుంచి రోడ్డంతా కనపడుతుంది!

బస్సు మెట్ల మీదికి ఉరికింది.

"ఇన్నారు కదా? అందరూ ఇన్నారు కదా? పేర్లు సెప్పినాడు! మీ ముందరే సెప్పినాడు!"

డ్రైవర్ స్టీరింగ్ వైపు చూస్తున్నాడు.

"బాబూ, నువ్వు ఇన్నావు కదా?"

"ఇంజన్ సౌండు మేడమ్. ఏటీ ఇనపడలేదు."

"నువ్వు?" కండక్టర్‌ని అడిగింది.

"నాను టికెట్లు కొడతన్నాను."

"అన్నా! నువ్వు కిటికీలోంచి సూస్తనే ఉన్నావు!"

కిటికీ దగ్గర మనిషి మఫ్లర్ ముక్కు మీదికి లాక్కున్నాడు. "మా ఓడు ఆ క్వారీలోనే పని సేస్తన్నాడమ్మా. మమ్మల్నొగ్గేయ్."

"పిన్నీ... అక్కా... ఒక్కరు! ఒక్కరైనా!"

ఎవరూ తలెత్తలేదు. చేపల ముసలామె గంప మీద గుడ్డ సర్దుకుంటోంది. ఒక్కసారి అరుణశ్రీ యూనిఫాం మీద నెత్తురు చూసింది. మళ్లీ తల దించేసింది.

"దిగండి మేడమ్," అన్నాడు కండక్టర్ మెల్లగా. "సంతకి టైం అయిపోతాంది."

విజిల్.

బస్సు కదిలింది. మంచులోకి వెళ్లిపోయింది.

రోడ్డు మీద ఒక శవం. పక్కన ఒక ఆడమనిషి. చేతిలో రైఫిల్.

జీపు వచ్చింది. ముందు అద్దం లేదు. జగన్నాధం ఒక్కడే దిగాడు. గురుప్రసాద్ మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి చూశాడు. లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"పాపం," అన్నాడు. "మంచి కోచ్."

అరుణశ్రీ రైఫిల్ ఎత్తింది. గొట్టం వణుకుతోంది.

"దించు అరుణా. పైనుంచి చూస్తూనే ఉన్నాడు. ఆయనది కర్రల మీద ఉంది, నీది చేతిలో ఉంది."

ఆమె దించలేదు.

"సరే, విను. ఆ రైఫిల్ నీ చేతిలో ఉంది. దాంట్లోంచి గుండు పేలింది. చచ్చినవాడు నీ మొగుణ్ని చంపినవాడు. ఇంకేం కావాలి కోర్టుకి?" మఫ్లర్ సర్దుకున్నాడు. ఎంత మెత్తటి గొంతు! "రెండు దారులున్నాయి నీకు. వాడు దుప్పిని కొట్టాడు, నువ్వు అడ్డం వెళ్లావు, వాడు కాల్చబోతే లాక్కుని నువ్వు కాల్చావు. ధైర్యవంతురాలివి. పేపర్లో ఫొటో. ప్రమోషన్ నేను రాస్తాను. అది కాదంటావా... పగబట్టి చంపావు. జైలు. నువ్వే చెప్పు."

"బస్సు నిండా మనుషులు ఇన్నారు."

"ఎక్కడ బస్సు?"

ఆమె రోడ్డు వైపు చూసింది. మంచు తప్ప ఏమీ లేదు.

"ఎవరున్నారు తల్లీ నీ పక్కన?" అన్నాడు జగన్నాధం. నిజంగా జాలిపడుతున్నట్టే అన్నాడు. "వాడు చెప్పాడని నువ్వు చెప్తావు. వాడు చచ్చాడు. నీ మాట తప్ప ఇంకో నోరు లేదు. సంతకం పెట్టి ఇంటికెళ్లి పడుకో."

అరుణశ్రీ చేతులు దిగిపోయాయి. రైఫిల్ గొట్టం నేలకి తగిలింది.

ఇంతేనా? సూరి నిలబడ్డది ఇందుకా? ఈ హంతకుణ్ని భుజాన మోసింది ఇందుకా? గెడ్డలోనే కొట్టేసి ఉంటే చేతులకి ఆ మాత్రం తృప్తయినా మిగిలేది. ఇప్పుడు అదీ లేదు. ఏదీ లేదు.

జగన్నాధం చెయ్యి చాపాడు. "ఆ తుపాకీ ఇలా ఇయ్యి."

ఆమె ఇవ్వబోయింది.

అప్పుడు... అడుగుల చప్పుడు.

తారు రోడ్డు మీద చెప్పుల్లేని కాళ్లు. తప్ తప్ తప్. నెమ్మదిగా, ఆయాసపడుతూ.

మంచులోంచి ముందు ఒక గంప వచ్చింది. గంప కింద మనిషి. మలుపు అవతల బస్సు ఆపించుకుని, దిగి, ఇంత దూరం నడిచి వచ్చింది. జగన్నాధాన్ని చూసింది. రోడ్డు మీద శవాన్ని చూసింది. మెట్ట వైపు కూడా ఒకసారి తలెత్తి చూసింది.

వంగి, గంప కిందికి దించుకుంది. అరుణశ్రీ పక్కకొచ్చి నిలబడింది.

జగన్నాధం మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

"ఎవరే నువ్వు?"

తాతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇన్నదాన్ని."